వండని కూరలు

నా వెంట్రుకలు ఊడిపోతున్న సంగతి నాకంటే ముందు నా గిరాకీలకు తెలిసింది.

మంచిర్యాలలో మా ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. మా వీధి చివర ఉండే పెద్దామె ఒకామె పదేళ్లుగా నా దగ్గరే కుట్టించుకుంటుంది. ఒకరోజు పొద్దున్నే వచ్చి, ముందురోజు తీసుకుపోయిన జాకెట్టును తిరగేసి నా ముందు పరిచింది. చంక కింది కుట్టులో, లైనింగుకీ బట్టకీ మధ్య, మూరెడు పొడుగు వెంట్రుక దారంతో పాటే కుట్టుకుపోయి ఉంది.

“ఏంది బిడ్డా, దారం ఒడిసిందా? ఎంటికలతోని కుడుతున్నవ్!” అంది.

ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వుతూనే వెళ్లిపోయింది. నేను మిషన్ పక్కకు వంచి బాబిన్ కింద చూశాను. దారపు పోగులతో పాటు గుప్పెడు వెంట్రుకలు బయటికొచ్చాయి. చక్రం ఇరుసుకు చుట్టుకున్నవి కత్తెరతో కోయాల్సి వచ్చింది. పోయి అద్దం ముందు నిలబడ్డాను. ఒకప్పుడు నా జడ పిడికిట్లో ఇమిడేది కాదు. ఇప్పుడు రబ్బరుబ్యాండు నాలుగు చుట్లు తిప్పినా జారిపోతోంది. నలభై రెండేళ్లకే ఇదేం ఖర్మ అని అక్కడే కూలబడి ఏడ్చాను. ఊరుకోమనే వాళ్లెవరూ లేరు కాబట్టి కావలసినంత సేపు ఏడ్చాను.

ఆ తరువాత వీధి మొత్తం నాకు వైద్యం చేసింది. కొలతలకు వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒక మందు చెప్పిపోయేది. బోరు నీళ్లు పడలేదన్నారు. నిజమే కాబోలని తలస్నానానికి కూడా ఫిల్టర్ నీళ్ల డబ్బా తెప్పించుకున్నాను. ఉల్లిగడ్డ రసం రాసుకుంటే వారం రోజులు నా దగ్గరికి వచ్చినవాళ్లంతా ముక్కు మూసుకున్నారు. మందారాకు రుద్దాను, గుంటగలగరాకు నూనె కాచాను. చివరికి పెద్దామె, “దేవునికి మొక్కు బిడ్డా, సోమారం సోమారం ఒక్కపొద్దుండు” అంది. ఒక్కపొద్దంటే రోజు మొత్తం మీద ఒక్కపూటే తినడం. సరేనని పట్టాను. మొదటి సోమవారం సాయంత్రం దీపం పెట్టి అన్నం ముందు కూర్చున్నాక తట్టింది నాకు, మిగతా ఆరు రోజులు కూడా నేను తింటున్నది ఒక్కపూటేనని. తట్టిందే గాని, దానికీ నా నెత్తికీ సంబంధం ఉంటుందని తట్టలేదు. అంత తెలివి ఉంటే ఇంకేం!

మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. తొమ్మిదేళ్లైంది. కొత్త బిల్డింగులకు పరంజా కట్టే పని. మాకు పిల్లలు లేరు. ఇన్నాళ్లూ ఇంట్లో నేనూ, మా అత్తమ్మ. ఆమెకు పళ్లు లేవు గాని నాలుక మాత్రం భలే పదును. ఉప్పు ఒక రవ్వ తక్కువైతే పళ్లెం పక్కకు నెట్టేది. ఆమెతో పోట్లాడుకుంటూనే రెండు పూటలా వండేదాన్ని. రెండున్నరేళ్ల కిందట ఆమె పోయింది. మా ఆయన వచ్చి, దినాలు చేసి, పదిహేను రోజులుండి పోయాడు. ఆయన పోయిన మర్నాడు వంటింట్లో రెండు వంకాయలు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. రెండైతే ఎక్కువ, ఒకటైతే తక్కువ. ఎట్లా వండినా బాగుందనో బాగాలేదనో అనేవాళ్లు లేరు. వంకాయలు బుట్టలో పడేసి, అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని తిన్నాను. మర్నాడూ అంతే. తరువాత కూరగాయలు కొనడమే మానేశాను. రెండు రోజులకోసారి అన్నం వండటం, చల్లన్నం తినడం, మిగతా టైములో ఆకలేస్తే చాయ్ పెట్టుకుని రస్కు ముంచుకోవడం. రోజుకు ఆరేడు చాయ్‌లు. పళ్లెం పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చోవాలంటే నాకు భయం. సిగ్గుపడకుండా చెప్తున్నాను, భయమే. ఎదురుగా గోడ తప్ప ఏమీ ఉండదు.

మా ఆయన రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఫోన్ చేస్తాడు. అక్కడ వాళ్లకు అది అన్నాల టైము. తెల్లవారుజామునే క్యాంపులో కట్టిచ్చిన డబ్బాలో దొడ్డు బియ్యం అన్నం, నీళ్ల పప్పు ఉంటాయి. మధ్యాహ్నానికి అంతా ముద్దగట్టుకుపోతుంది. మూత తీస్తూ, “ఏం కూరనే?” అంటాడు. అత్తమ్మ పోయిన కొత్తలో ఒకరోజు నిజమే చెప్పాను, ఏమీ వండలేదని. అవతల మూత మళ్లీ పెట్టేసిన చప్పుడు వినిపించింది. “నువ్వు తినకుంటే నాకెట్ల పోతదే” అని, ఆ రోజు ఖాళీ కడుపుతోనే పరంజా ఎక్కాడు. ఆ దేశపు ఎండలో, నాలుగంతస్తుల ఎత్తులో. పని దిగానని మెసేజ్ వచ్చేదాకా నేను మిషన్ తొక్కలేకపోయాను. మర్నాడు ఫోన్ రాగానే, “పుంటికూర పప్పు, పచ్చిపులుసు” అనేశాను. “అబ్బ!” అన్నాడు. గబగబా తిన్నాడు.

ఇక అప్పటినుంచి రోజుకో కూర. గంగవాయిలికూర, చామగడ్డ పులుసు, ఎండురొయ్యలేసిన వంకాయ, ఆదివారమైతే నాటుకోడి. ఊరికే పేరు చెప్తే ఊరుకోడు. పోపులో ఎల్లిపాయ వేశావా, పులుసు చిక్కగా వచ్చిందా, అన్నీ అడుగుతాడు. అన్నీ చెప్పేదాన్ని. చెప్తుంటే నాకే నోరూరేది. నిజం చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్తే అక్కడ మనిషి తినకుండా పైకెక్కుతాడు, కళ్లు తిరిగితే కింద పడతాడు. ఆ భయంతో మళ్లీ ఒక కూర చెప్పేదాన్ని. శుక్రవారం వాళ్లకు సెలవు, వీడియో కాల్ ఉంటుంది. ఆ రోజు తలకు కొంగు చుట్టుకుని కూర్చునేదాన్ని. ఏమైందంటే, “జర తల నొస్తుంది” అనేదాన్ని.

పాపిట పక్కన తోలు మెరవడం మొదలయ్యాక ఇక లాభం లేదని బస్సెక్కి కరీంనగర్ పోయాను. అక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది, నెత్తి నిండా జుట్టు. ముందు దానికే నాకు ఒళ్లు మండింది. ఆమె నా తలలో వేళ్లు పెట్టి నాలుగు వెంట్రుకలు మెల్లగా లాగి చూసింది. కంటిరెప్ప కిందికి లాగి చూసింది, గోళ్లు చూసింది. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అంది. వస్తుందన్నాను.

“ఏం తింటున్నవమ్మా? నిన్న పొద్దటిసంది చెప్పు.”

నోరు తెరిచాను. ఫోన్లో చెప్పే కూరలన్నీ వరుసగా వచ్చేశాయి. తోటకూర పప్పు, కోడిగుడ్డు పులుసు, రాత్రికి పెసరపప్పు, పెరుగు. ఆపుదామన్నా ఆగలేదు. డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. “మస్తు మంచిగ తింటున్నవ్” అని మెచ్చుకుంది కూడా. నాకు గర్వంగా అనిపించింది, చూడండి నా బుద్ధి!

రక్తపరీక్ష కాగితాలు వచ్చాక మళ్లీ పోయాను. రక్తం తక్కువ. ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటింది. బీ పన్నెండు విటమిను, డీ విటమిను కూడా తక్కువే. డాక్టరమ్మ ఆ కాగితాన్నీ, తను రాసుకున్న నా కూరలనూ పక్కపక్కన పెట్టుకుని మొహం చిట్లించింది.

“జుట్టు ఊడెతందుకు శాన కారణాలుంటయమ్మా. నీకు థైరాయిడ్ మంచిగనే ఉంది. గీ ఇనుము తక్కువుండుడే కారణం కావచ్చు. గని ఇంత మంచిగ తినే మనిషికి గింత తక్కువెట్లైంది? కడుపుల యాడన్న పుండు పడి, లోపల్లోపల రక్తం పోతుందేమో. నోట్లకెల్లి పైపేసి చూడాలె. గురువారం పొద్దున ఏం తినకుండ రా. వెంట ఒకరిని తీసుకరా, సంతకం పెట్టాలె.”

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఆమె అంత శ్రద్ధగా రాసుకున్న కూరలన్నీ అబద్ధమని చెప్పడానికి మొహం చెల్లలేదు.

తిరుగు బస్సులో దారి పొడుగునా వెతికాను, వెంట ఎవరిని తీసుకుపోవాలా అని. పెద్దామెకు మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్టు ఎక్కలేదు. నిర్మల్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే, “వడ్లు కల్లంల ఉన్నయక్కా, మబ్బు పట్టింది” అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే మబ్బు పట్టింది. గిరాకీలైతే నలభై మందికి తక్కువ లేరు. అందరి కొలతలూ నా పుస్తకంలో ఉన్నాయి. ఎవరి భుజం ఎంతో, ఎవరికి ఏ చేయి లావో చూడకుండా చెప్పగలను. నాతో ఆసుపత్రికి ఒక్క పూట రమ్మని అడగగలిగే మనిషి మాత్రం వాళ్లలో ఒక్కరూ లేరు. ఆ రోజు నాకు జుట్టు గురించి దిగులు పోయింది. అంతకంటే పెద్ద దిగులు పట్టుకుంది.

గురువారం ఒక్కదాన్నే పోయాను. పైపు వేసే గది బయట బెంచీ మీద కూర్చున్నాను. నర్సు కాగితం పట్టుకుని వచ్చింది.

“వెంబడి ఎవరొచ్చిండ్రు?”

“వస్తుండ్రు” అన్నాను. ఎవరు వస్తున్నారో నాకే తెలియదు.

నా పక్కన ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన వెంట కొడుకూ కోడలూ వచ్చారు. పరీక్ష కాగానే తినిపించడానికి సంచిలో ఇడ్లీలు కూడా తెచ్చారు. కోడలు ఆయన చెప్పులు ఎవరూ తొక్కకుండా బెంచీ కిందికి జరుపుతోంది. నేను అటు చూడకుండా కూర్చోవడానికి చాలా కష్టపడ్డాను. అరగంటకు నర్సు మళ్లీ వచ్చింది.

“ఏరమ్మా మీవోళ్లు?”

“బండి పంచర్ అయిందంట.”

మూడోసారి వచ్చినప్పుడు ఆమె ఏమీ అడగలేదు. ఊరికే నిలబడి నా వంక చూసింది. ఆమెకు అర్థమైపోయింది. ఇక నాతో కాలేదు. లేచి డాక్టరమ్మ గది తలుపు తోసుకుని లోపలికి పోయాను. లోపల వేరే పేషెంటు ఉన్నాడు, అయినా ఆగలేదు.

“మేడం, నేనేం వండుతలేను. పప్పు లేదు, గుడ్డు లేదు. తొక్కు, మెతుకులు, చాయ్, గంతే. ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట. ఒక్కదానికి వండబుద్ధైతలేదు.”

ఆమె నా కూరలు రాసుకున్న కాగితం ముందుకు లాక్కుంది. “మరి గా తోటకూర పప్పు?” అంది.

“గది మా ఆయనకు చెప్పేటిది మేడం.”

తిడుతుందనుకున్నాను. తిట్టింది. “ఊకెనే పైపు మింగేదానివి గదమ్మా!” అంది. ఆ పరీక్ష ఇప్పటికి ఆపి, ఇనుము గోళీలు, విటమిను సూదులు రాసింది. మూడు నెలలకు మళ్లీ రక్తం చూస్తానంది, అప్పటికీ పెరగకపోతే పైపు తప్పదంది. గోళీ వేసుకునే ముందూ తరువాతా చాయ్ ముట్టొద్దంది. పప్పు, గుడ్లు, ఆకుకూరలు, పక్కన నిమ్మకాయ. జుట్టు వెంటనే రాదు, నెలలు పడుతుంది, ఓపిక పట్టమంది. తినాల్సినవేవీ నాకు తెలియనివి కావు. రోజూ ఫోన్లో నేను చెప్తున్నవే.

తిరుగు బస్సు పెద్దపల్లి దాటుతుండగా ఫోన్ మోగింది. ఆయన నోరు తెరవకముందే, “నువ్వు ముందుగాల తిను. తిన్నంక ఒకటి చెప్త” అన్నాను.

“ఏందే? ఏమైంది?”

“తిను అంటున్న గద!”

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆయన తినేదాకా విన్నాను. డబ్బా ఖాళీ అయిందని రెండుసార్లు చెప్పించుకున్నాకే మొదలుపెట్టాను.

“అత్తమ్మ పోయినకాడికెల్లి నేను కూరలు వండుతలే. నీకు చెప్పినయన్ని ఉత్తయే. తిండి లేక నెత్తిల ఎంటికలు ఊడినయ్. ఇయ్యాల దవాఖానకు పోయొస్తున్న.”

అవతల ఎవరో ఇనుపగొట్టం కింద పడేశారు. ఆ మోత తగ్గాక ఆయన మెల్లగా అన్నాడు.

“కూరల సంగతి నాకెరికే.”

“ఏం ఎరిక?”

“పోయిన దసరకు చింతచిగురేసి మటన్ వండిన అన్నవ్. దసరకు చింతచిగురు యాడ దొరుకుతదే? గప్పుడే సమజైంది.”

“మరి గప్పుడే అడుగద్దా?”

“అడిగితే నువ్వు చెప్పుడు బంజేస్తవ్. గా కూరలు ఇనకుంటే నాకీడ బుక్క దిగదే.”

పాపం, ఉత్త మాటలు నంజుకుని తిన్నాడు మనిషి, అనుకున్నాను. ఎంతసేపు? బస్సు ఒక స్టేజీ దాటేంత సేపు. తరువాత కడుపు భగ్గున మండింది. దసరా నుంచి ఇప్పటికి ఏడెనిమిది నెలలు. ఇన్ని నెలలూ అన్నీ తెలిసి, నా నోట కూరలు చెప్పించుకుని తన డబ్బా ఖాళీ చేసుకున్నాడు. మరి నువ్వేం తింటున్నావే అని ఒక్కనాడు అడగలేదు.

“నేను తింటలేనని ఎరుకుండి ఊకున్నవా?” అని అరిచాను. బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. తిరగనీ.

“కూర లేకున్నా ఏదో ఒకటి తింటున్నవ్ అనుకున్ననే...” అన్నాడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఏడుస్తున్నాడని తెలిసింది. ఫోన్ కట్ చేశాను. జాలి లేక కాదు. ఇంకొక్క నిమిషం వింటే మళ్లీ ఏదో ఒక కూర చెప్పి ఆయన్ని ఊరుకోబెడతానని నాకు తెలుసు.

మంచిర్యాలలో దిగి మార్కెట్టుకు పోయాను. పావుకిలో తూచమంటే కూరగాయలామె, “గింతనేనా?” అంది. “గింతనే. నేనొక్కదాన్నే” అన్నాను. ఆ మాట అంత గట్టిగా పైకి అనడం నాకది మొదటిసారి. ఇంటికి వచ్చి కోపంతోనే కోశాను, కోపంతోనే పోపు పెట్టాను. మిషన్ మీది గుడ్డలు పక్కకు నెట్టి పళ్లెం అక్కడే పెట్టుకున్నాను. ఫోన్ రెండుసార్లు మోగింది. చేయి ఎంగిలి అని తీయలేదు.

మూడు నెలల పరీక్షలో రక్తం పెరిగింది, పైపు తప్పింది. ఐదారు నెలలకు పాపిట పక్కన సన్నటి వెంట్రుకలు మొలిచాయి. పోయినవన్నీ తిరిగి రాలేదు. ఆయన ఇప్పుడూ రోజూ ఫోన్ చేస్తాడు. వండితే వండానంటాను, వండని రోజు వండలేదంటాను, నువ్వు మాత్రం తినే పైకెక్కు అంటాను. ఆ గురువారం ఏం వండుకున్నావే అని ఇప్పటికీ బతిమాలుతుంటాడు. చెప్పలేదు. అది నా ఒక్కదాని కోసం నేను వండుకున్న కూర. ఇక్కడ కూడా చెప్పను.