రోడ్డుకి కనపడే పడవ

సునామీ వచ్చిన నాలుగైదేళ్లకి, మా దీవుల్లో గరాచర్మ అనే ఊళ్లో షెడ్లు తనిఖీ చేసే ఉద్యోగం నాది. ఆరుబయట పెట్టిన సామాను రోడ్డుకి కనపడకూడదు, చుట్టూ రేకుల కంచె ఉండాలి. అదీ రూలు.

పడవలు బాగుచేసే ఒక ముసలాయన షెడ్డు ముందు ఎప్పుడూ ఒక నీలం పడవ ఉండేది. కంచె వేయమని రెండుసార్లు నోటీసిచ్చాను.

"అది నా కొడుకు రంగేసిన పడవ సాబ్. నికోబార్‌కి పనికెళ్లినోడు, ఆ నీళ్లొచ్చాక మరి రాలేదు. ఇక్కడ చూస్తే ఇన్ని కొత్తిళ్లు వచ్చేసినాయి. రేపు బస్సు దిగితే మా షెడ్డు ఎలా పోల్చుకుంటాడు?" అన్నాడు.

రూలు రూలేనన్నాను. మూర్ఖుణ్ణి, అప్పట్లో నాకు అంతకు మించి మాట తెలియదు. ఆయన కంచె వేశాడు గానీ, పడవకి ఎదురుగా ఒక్క రేకు మేర ఖాళీ వదిలాడు. నాకు ఒళ్లు మండింది. దగ్గరుండి ఆ సందు కూడా మూయించాను.

నెల తర్వాత మళ్లీ వెళ్లాను. కంచెకి వంక పెట్టడానికి లేదు. ముసలాయన మాత్రం దాని బయట, మిట్టమధ్యాహ్నం ఎండలో, రోడ్డు వైపు తిరిగి స్టూలు మీద కూర్చున్నాడు.

"లోపల నీడలో కూర్చోవచ్చు కదా" అన్నాను.

"పడవ కనపడదు కదా సాబ్. నేనైనా కనపడాల గదా" అన్నాడు.