మా బావగారి మాటల చుట్టరికాలు

మా బావగారికి, అంటే మావారి అన్నగారికి, ఒక్కటే పిచ్చి. ఇంగ్లీషు క్రియ ఏది చెవిన పడినా దాని అన్నదమ్ములందరినీ పరిచయం చేసేదాకా ఆయన కుదురుగా నిలబడలేరు.

ఆయనది పుస్తకాల బైండింగు కొట్టు. ఎవరో కుట్టమని ఇచ్చి మళ్ళీ రాకుండా పోయిన పాత డిక్షనరీ నుంచి అంటుకుంది ఈ పిచ్చి. ఆ మాటల్లో చాలా వాటికి లాటిన్ అనే పాత భాషలో ఒకే వేరు ఉంటుందని అందులో రాసుందట. నా చదువు అయిదో తరగతి. ఆయన చెబితే విన్నాను.

ఒకసారి ఆయన జ్వరమొచ్చి ఆస్పత్రికి వెళ్తే కాంపౌండరు సూది తీసి, "ఇంజెక్ట్ చెయ్యాలండీ" అన్నాడు.

"జెక్ట్ అంటే విసరడం! ఇంజెక్ట్, లోపలికి విసరడం. రిజెక్ట్, వెనక్కి. ఎజెక్ట్, బయటికి..."

"ఆ బయటికి విసరడం నాచేత చేయించకండి. చొక్కా చెయ్యి పైకి తియ్యండి."

అక్కడితో ఆగినా బాగుండేది. లైబ్రరీ వాళ్ళు ఒక డిక్షనరీ బైండింగుకి ఇస్తే, అక్షరాల వరుస వదిలేసి పేజీలన్నీ చుట్టరికాల వరుసలో కుట్టేశారు. లైబ్రేరియన్ లబోదిబోమంటూ వచ్చాడు.

"ఒక్క మాటా దొరకడం లేదయ్యా!"

"విడిపోయిన అన్నదమ్ముల్ని ఒకచోట కూర్చోబెట్టాను. సంతోషించక అరుస్తారేం?"

మూడు రోజులు ఊడదీసి మళ్ళీ కుట్టారు. ఆయన భార్య, మా అక్కయ్య, దారం అందిస్తూ మూడు రోజులూ తిట్టింది.

మావారు పోయాక నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొద్దుటిపూట ఎలాగో గడిచేది. సాయంత్రం నాలుగైతే, ఆయన వర్క్‌షాపు నుంచి వచ్చే వేళ, వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉండేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. ఆ ఒక్క గంటా దాటితే చాలు, ఆ రోజుకి గట్టెక్కినట్టే.

సరిగ్గా అప్పుడే దిగబడేవారు బావగారు.

"అమ్మాయ్, ఇవాళ మిట్ వాళ్ళు. మిట్ అంటే పంపడం. అడ్మిట్, పర్మిట్, సబ్మిట్, ట్రాన్స్‌మిట్. రేపు అప్పజెప్పాలి."

"నాకెందుకండీ ఇవన్నీ?"

"నీకోసం కాదు, వాళ్ళకోసం. పాపం, పలకరించే దిక్కు లేదు."

ఒళ్ళు మండేది. అయినా మర్నాడు బట్టలారేస్తూ, గిన్నెలు తోముతూ గొణుక్కునేదాన్ని. ఒక్కటి మర్చిపోయినా, సొంత తమ్ముణ్ణి బస్సెక్కించడం మర్చిపోయినట్టు మొహం వేలాడేసేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అక్కయ్యనే అడిగాను.

"బావగారిని కాస్త ఆపు అక్కయ్యా. ఆ వేళ కొట్లో పనుండదా?"

"లేకేం? బళ్ళు వదిలే వేళ. బేరాలన్నీ అప్పుడే. తలుపు మూసి మరీ వస్తున్నారు. నాలుగింటికి నీకు కాలు నిలవడం లేదని నేనే నోరు జారాను."

అక్కయ్య నవ్వింది.

"ఆయనకి తెలిసిన చుట్టాలు నెల కిందటే అయిపోయారే పిల్లా! ఇప్పుడు తెల్లారకుండా లేచి నీకోసం బట్టీ పడుతున్నారు. నిన్న నాకు అప్పజెప్పబోయి రెండు తప్పారు."

మర్నాడు నాలుగయింది. బావగారు రాలేదు. గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. మావారు పోయాక ఆ వేళప్పుడు, వచ్చే మనిషి కోసం చూడడం అదే మొదలు.

పావుగంటకి చంకలో కొత్త పుస్తకంతో రొప్పుతూ వచ్చారు.

"ఆలస్యమైందమ్మాయ్. లాటిన్ వాళ్ళతో ఇంక నా వల్ల కాదు."

"అయితే రేపటినుంచి రారా?"

"అదేం మాట! గ్రీకు వాళ్ళు లేరూ? వాళ్ళది ఇంకా పెద్ద సంసారం. ముందు మంచినీళ్ళియ్యి, ఒక్కొక్కర్నీ లోపలికి పిలుద్దాం."