ఫ్రిట్స్ వాయించవలసిన చోటు

ఇవాళ ఉదయం మనవరాలు గుమ్మం ముందు మంచు ఊడుస్తోంది. రాతిమీద చీపురు సర్రు సర్రుమంటుంటే, కాఫీ కప్పు పక్కన నా వేళ్ళు వాటంతటవే ఆదితాళం వేయసాగాయి. ఒకప్పుడు డ్రమ్ముమీద తీగల కుంచెతో నేను చేసిన చప్పుడూ అదే.

ఆ కుంచె నా చేతికిచ్చినవారు క్రెమర్ గారు, అక్కడి మాటలో హెర్ క్రెమర్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు డాన్సు హాళ్ళలో పెద్ద స్వింగ్ జాజ్ బ్యాండును నడిపిన మనిషి. నేను గనుల ఇంజనీరుగా జర్మనీలోని క్లాస్తాల్ వచ్చేనాటికి తల నెరిసి, మా పై వాటాలో ఉండేవారు. బడి హాల్లో టీచర్లనూ గని కార్మికులనూ పోగుచేసి ఆ పాత పాటలే వాయించేవారు. ఒక పాట మధ్యలో బ్యాండంతా ఆగిపోవాలి, డ్రమ్ము ఒక్కటే మెల్లగా నడవాలి. విస్తరి వేయకముందే చెయ్యి చాపినట్టు ఎవరో ఒకరు తొందరపడేవారు. ఆగమంటూ ఆయన అరచెయ్యి పైకి లేచేది. వినడానికి వెళ్ళిన నేను తొడమీద తాళం వేస్తూ పట్టుబడ్డాను.

"ఏం హెర్ రావు, బంగాళాదుంపలు లెక్కపెడుతున్నారా?"

"తాళమండి. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాను."

"వీళ్ళందరికీ వాయించడం వచ్చు, ఊరుకోవడం రాదు. మీరు డ్రమ్ము దగ్గర కూర్చోండి."

అలా ఏళ్ళతరబడి ఆ ఖాళీని నేనే కాపాడాను. ఆ ఖాళీ ఎందుకో ఆయన చివరి జబ్బులో, ఆసుపత్రి మంచంమీద చెప్పారు.

"అది ఫ్రిట్స్ క్లారినెట్ వాయించే చోటు. అతను యూదుడు. బ్యాండులోంచి తీసెయ్యమని నాజీ అధికారుల నుంచి మాట వచ్చింది. ఈ వారం రాకు, తర్వాత పిలుస్తాను అన్నాను. పిలవలేదు. పిలుద్దామనుకునేసరికి మనిషే లేడు. ఖాళీగా ఉంచితే గౌరవమనుకున్నాను. అప్పుడూ అతని నోరు మూయించాను, ఇన్నాళ్ళూ అదే చేశాను. నన్ను సాగనంపేరోజున ఊటె చేత అక్కడ వాయించండి."

ఊటె మా బ్యాండులో క్లారినెట్ వాయించేది. బడిపంతులమ్మ. చెప్పగానే తలూపింది.

ఆయన్ని సాగనంపిన రోజున పాట ఆ చోటికి వచ్చింది. అందరూ ఆగారు. నేను కుంచె కదుపుతున్నాను. ఊటె లేచి క్లారినెట్ పెదవులకు ఆనించింది. శబ్దం రాలేదు. ఒక ఆవర్తనం, ఇంకొకటి. ఆ ఖాళీకున్న నాలుగూ అయిపోయాయి. బ్యాండు మళ్ళీ అందుకుంది. ఆమె నిలబడే ఉంది.

"ఆయన చెయ్యి కనబడింది, హెర్ రావు," అంది తర్వాత. "ఆగమంటూ."

ఊరుకోవడం ఆయన మాకు అంత బాగా నేర్పారు. ఆ రాత్రి డైరీలో నేను రాసుకున్నది ఒకటే: మంచు పడింది, గాలి లేదు. కొన్నాళ్ళకు బ్యాండు కూడా చెదిరిపోయింది.

మనవరాలు చీపురు గోడకానించి లోపలికి వచ్చింది. ఫోన్ మోగింది. చూసి జేబులో పెట్టేసింది.

"ఎవరమ్మా?"

"నా ఫ్రెండ్ లేనా. మొన్న గొడవైందిలే తాతా. తర్వాత చేస్తా."

"ఇప్పుడే చెయ్యి," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఇంకా తాళం వేస్తున్న నా వేళ్ళవైపు ఒకసారి చూసి, తను ఫోన్ తీసింది.