ధర పెరిగితే చిన్నమ్మను అడిగేవారు

చిన్నమ్మ పోయిందన్న కబురు తెల్లవారుజామున వచ్చింది. అప్పుడే దేవుడి ముందు దీపం పెడుతున్నాను. వత్తి సరిచేసి, నమస్కారం ముగించి ఆమె ఉండే కొత్తవాడకు బయల్దేరాను. ఆమె ఉంటే అలాగే చెయ్యమనేది. పూజ సగంలో వదలడం ఆమెకు నచ్చదు.

మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన తొందరగా పోయాడు, పిల్లల్లేరు. పెన్షన్ లేని ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. డెబ్బైల చివర పెద్ద కంపెనీలు తమ షేర్లు జనానికి అమ్మకానికి పెట్టాయి. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా పెట్టి చిన్నమ్మ ఒక ఆహార కంపెనీ షేర్లు కొన్నది. బిస్కట్లు, పిల్లల పాలపొడి చేసే కంపెనీ. దాని డివిడెండే ఆమె ముసలితనానికి ఆసరా.

ఆ సంగతి వాడకట్టుకు తెలిసిపోయింది. కిరాణా దుకాణంలో బిస్కట్ల రేటు పెరిగితే చాలు, ఆడవాళ్లు నేరుగా ఆమె గడప ముందుకు వచ్చేవారు.

"టీచరమ్మా, మీ కంపెనోళ్లు మల్ల పెంచిండ్రు. గిట్లయితె మేం బతికేదెట్ల?"

"ఆమెకేం ఫికరే, ఓనరమ్మ ఆయె" అనేది వెనక నుంచి ఇంకొకామె.

మేం నవ్వేవాళ్లం. చిన్నమ్మ మాత్రం వాళ్లను కూర్చోబెట్టి మొత్తం వినేది. "లాభం తీసుకుంటున్న. మాట పడనంటె ఎట్ల?" అనేది.

పక్కింటి సరోజనకు బాలింత జ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. బిడ్డకు డబ్బాపాలే దిక్కు. మగడు మగ్గం కూలీ. ఒకరోజు చిన్నమ్మ ఆ పాలసీసా ఎత్తి వెలుతురులో చూసింది.

"ఇంత పల్చగున్నయేందే?"

సరోజన తలెత్తలేదు. "మీ కంపెనోళ్లు రేటు పెంచిండ్రు. నేను నీళ్లు పెంచిన."

ఆ ఏడే షేరు బాగా పెరిగింది. నాన్న పేపరు పట్టుకొచ్చి, "మా మరదలి పంట పండింది" అన్నాడు. చిన్నమ్మ కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాదులో మారి, ఒక్కతే బొంబాయిలో షేర్‌హోల్డర్ల మీటింగుకు పోయింది.

వచ్చాక ఇంటికి పెద్దదాన్నని నాకొక్కదానికే చెప్పింది. పాలపొడి ధర ఎందుకు పెంచారని లేచి అడిగిందట. ఛైర్మన్ మర్యాదగానే జవాబిచ్చాడట. ఖర్చులు పెరిగాయి, ధర పెంచాం కాబట్టే మీ షేరు ఇంత విలువ చేస్తోంది అన్నాడట. హాలంతా చప్పట్లు.

"ఆయనను తప్పు పట్టను బిడ్డా. అందరితోని నా చేతులు సుత లేసినయి. నేను గూడ చప్పట్లు కొట్టిన. కొట్టినంక సరోజన బిడ్డ యాదికొచ్చింది. అప్పుడు నా మీద నాకే భయమైంది."

ఆ నెలలోనే షేర్లన్నీ అమ్మేసింది. సరోజన బిడ్డ అన్నం తినేదాకా పాలడబ్బాలు తనే కొన్నది. మిగిలింది పోస్టాఫీసులో వేసింది. దాని వడ్డీ చాలేది కాదు. ఇంట్లో ట్యూషన్లు మొదలుపెట్టింది, చాయ్‌లో పాలు మానేసింది. ఎనభైలంతా ఆ షేరు పెరుగుతూనే ఉంది. నాన్న పోయేదాకా సణిగాడు. ఆమె పేపర్లో ఆ ధర చూసి, "మంచిదే" అని పేజీ తిప్పేది.

వాడకట్టుకు మాత్రం చెప్పలేదు. రేటు పెరిగిన ప్రతిసారీ వాళ్లు వస్తూనే ఉన్నారు, ఆమె వింటూనే ఉంది. ఉండబట్టలేక అడిగాను. "అమ్మేసిన అని చెప్పరాదా చిన్నమ్మా? ఉత్తగ ఎందుకు మాటలు పడుడు?"

"చెప్తె వాళ్లు ఎవరి దగ్గరికి పోతరే? బొంబాయికా?"

కర్మ ముగిసి చుట్టాలంతా వెళ్లాక, ఆమె ఇల్లు తుడుస్తున్నాను. వాడకు కొత్తగా వచ్చిన ఒక కోడలు చంకలో పిల్లతో గడప దగ్గర నిలబడింది. పుట్టింటి నుంచి అప్పుడే వచ్చింది, జరిగింది ఆమెకు తెలియదు.

"టీచరమ్మ లేదా? బిస్కట్ల రేటు మల్ల పెరిగింది. జర కంపెనోళ్లకు చెప్తదని వచ్చిన."

చీపురు పక్కన పెట్టి చాప పరిచాను. ఆమె కూర్చుని, నిద్రపోతున్న పిల్లను ఒళ్లోకి మార్చుకుని, మొదటి నుంచి చెప్పసాగింది.