లోపల మిగిలిన గ్యాస్

బొగ్గు గనిలో గ్యాస్ చూడడం నా డ్యూటీ. షిఫ్టు మొదలయ్యే ముందు దీపాన్ని పైకప్పు దాకా ఎత్తేవాణ్ణి. మంట మీద నీలం పొర కనబడితే మనుషుల్ని వెనక్కి పంపేవాణ్ణి. రిటైరయ్యాక కమాన్‌పూర్ దగ్గర ఊళ్లో నాలుగు బర్రెలతో ఉంటున్నాం. నా భార్య పోయాక కూడా ఉంటున్నాం అనే రాస్తున్నాను.

బర్రెలు ఆమెవే. పెరట్లో గోబర్ గ్యాస్ గుంత ఆమె పట్టుబట్టి కట్టించిందే. రోజూ పొద్దున బకెట్ పేడకు బకెట్ నీళ్లు పోసి, చేత్తో గడ్డలు చిదిపి, గుంతలోకి వదిలేది. నేను దగ్గరికి వెళ్తే, "బొగ్గుబాయిల గ్యాస్ నువ్వు చూసినవ్ గదా, ఇంట్ల గ్యాస్ నేను చూసుకుంట తియ్. పో, పేపర్ చదువుకో" అనేది.

ఆమె పోయిన ఇరవై రెండో రోజు పశువైద్యం చదివే ఒకమ్మాయి వచ్చింది. ఏ ఇంటి పశువుల నుంచి ఎంత మీథేన్ గాలిలోకి పోతుందో చూస్తోందట. బర్రెల ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. ఏం మేత వేస్తారు, ఎన్ని పాలిస్తాయి అని అడిగి రాసుకుంది.

"గ్యాస్ ఎక్కువ నోట్లకెళ్లే బయటికొస్తది కాకా, నెమరేసేటప్పుడు."

"నోట్లకెళ్లా? ఇన్నేండ్లు నేను ఎనుక దిక్కే అనుమానపడ్డ గద బిడ్డా."

ఆ అమ్మాయి గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను. ఎండుగడ్డి ముక్కలు చేసి పచ్చిగడ్డితో కలిపి వేస్తే కొంత తగ్గుతుందని చెప్పింది.

తర్వాత చేతిలోని మీటరును గుంత డోము మీద తిప్పింది. పైపు మొదట్లో అది ఆగకుండా కూసింది.

"డోము పగిలింది కాకా. పొయ్యిలకు రావాల్సింది గాలిల కలుస్తుంది. గుంత ఖాళీ చేసి లోపల ప్లాస్టర్ చేయించాలె."

"ఇంకో నెల ఆగితే?"

"ఎందుకు?"

పోసిన పేడ ఆ గుంతలో నెలన్నర దాకా ఉంటుందని కట్టిన మేస్త్రీ అప్పట్లో చెప్పాడు. అంటే నేను ఇప్పుడు టీ పెట్టుకుంటున్న మంట ఇంకా ఆమె కలిపిన పేడలోంచే వస్తోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకో ఆ అమ్మాయికి చెప్పాను.

ఆ అమ్మాయి మీటరు ఆపేసింది. "రోజూ పోతనే ఉన్నది గదా కాకా. మీరు ఆగినా అది ఆగదు" అంది మెల్లగా.

గ్యాస్ ఉందని తెలిశాక నేను ఏ షిఫ్టునూ నడవనివ్వలేదు. మరునాడు మేస్త్రీని పిలుస్తానన్నాను.

"లోపల మిగిలింది ఒట్టిగ గాలిలకు వదలకుండ్రి. అయిపోయేదాకా కాల్చేయుండ్రి" అని చెప్పింది.

ఇద్దరికీ టీ పెట్టాను. ఆ అమ్మాయి వెళ్లాక పాలు కాచాను. బర్రెలకు ఉలవలు ఉడకబెట్టాను. ఇంకేం వండాలో తోచక గిన్నెడు నీళ్లు పెట్టి, పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాను. గనిలో నీలం కనబడితే ఒక్క క్షణం నిలబడేవాణ్ణి కాదు. ఆ మధ్యాహ్నం మాత్రం అది కనబడినంతసేపూ కదల్లేదు. మంట చిన్నదవుతూ, బర్నర్‌లో ఒక్కో రంధ్రం దగ్గరా ఆరిపోయింది. నాబు కట్టేశాను.

నీళ్లు మరగలేదు, గోరువెచ్చగా ఉన్నాయి. చలికాలంలో పేడ కలిపి వచ్చి ఆమె చన్నీళ్లతోనే చేతులు కడుక్కునేది. ఒక్కనాడూ నీళ్లు కాచి ఇవ్వాలని నాకు తట్టలేదు.

చల్లారకముందే వాటిని తీసుకెళ్లి బర్రెల కుడితిలో కలిపాను.