మిగిలిపోయిన చిప్పు

రాత్రి ఏడు గంటల నలభై నిమిషాలకు మైదుకూరులో కరెంటు పోయింది. అది మాకు కొత్త కాదు. ఆ తరువాత జరిగింది మాత్రం కొత్త. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. దయ్యాల పుస్తకాలను అరలో సర్దుతానే తప్ప నమ్మను. అయినా ఇది నా చెవులతో విన్నాను... అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకు లేదు.

ఆ రోజు మా అన్న పదకొండో దినం. ఆయనకు ఇష్టమైన సంగటి, కోడి పులుసు, గ్లాసు టీ లోపలి గదిలో పెట్టి, గడప నుంచి విస్తరి దాకా బియ్యప్పిండి చల్లి, తలుపు దగ్గరికి వేశాము. పోయినవాళ్ళు వచ్చి తింటారని, పిండిలో అడుగు పడుతుందని మా ఇంట్లో నమ్మకం. విస్తరి పక్కన ఒక బిస్కెట్ల డబ్బా కూడా పెట్టించింది వదిన.

ఆ డబ్బా అన్న చేస్తున్న సింథసైజర్, కరెంటుతో రకరకాల శబ్దాలు పలికే వాయిద్యం. ఆయన ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడు. చివరి రోజు ఉదయం వదిన, "ఆ కుయ్యికుయ్యి ఆపుతావా, నన్ను పుట్టింటికి పొమ్మంటావా" అంది. ఆయన మాట్లాడకుండా షాపుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. గుండె ఆగింది. కోపంతోనే వెళ్ళాడా... వదినకు అదొక్కటే తెలియాలి.

సగంలో ఉన్న డబ్బాను ఆయన గీసిన సర్క్యూట్ బొమ్మ చూసి నేనే పూర్తి చేశాను. దానికి ఒక్కటే బ్యాటరీ. తొమ్మిది వోల్టులు. లోపల శబ్దం పుట్టించే ఆప్ ఆంప్ చిప్పులకేమో ప్లస్సూ మైనస్సూ, వాటి నడుమ ఒక సున్నా కావాలి. అందుకని రెండు సమానమైన రెసిస్టర్లు పెట్టి, వాటి నడిమి చోటునే సున్నా అనుకోమంటారు. దాన్ని వర్చువల్ గ్రౌండ్ అంటారట. అంతా అయ్యాక ఒక చిప్పు మిగిలింది. స్పేరు అనుకుని జేబులో వేసుకున్నాను.

కరెంటు పోగానే ఫ్యాను ఆగింది. అందరం బయటి గదిలో కూర్చుని ఉన్నాం. అప్పుడు... గదిలోనుంచి...

"హుఁ..."

ఒక్కసారి. మళ్ళీ... "హుఁ... హుఁ..." టీ అడిగే ముందు అన్న గొంతు సవరించుకునే తీరు అదే.

అన్న షాపులో భాగస్తుడు ఖాజా నా చెయ్యి పట్టుకున్నాడు.

"డబ్బా ఆఫ్ చేసినావా లేదా?"

"చేసినా. టిక్కుమనింది కూడా."

"మల్ల ఏందది?"

"మెకానిక్కువి నువ్వు గదా."

"నేను బతికినోళ్ళ సెట్లే చూస్తానప్పా."

వదిన లేచి తలుపు దగ్గర నిలబడింది. "ఏమయ్యా... టీ ఈడ్నే ఉండాది. చల్లారినాక నన్ననొద్దు."

శబ్దం దిగింది. మెల్లగా... ఇంకా మెల్లగా... సరేలే అన్నట్టు.

"ఆ పొద్దు నేను అట్ల అనాల్సింది కాదు" అంది వదిన.

శబ్దం కొంచెం పైకి లేచింది... ఆగింది.

వదిన మా వైపు తిరిగింది. "చూసినారా, ఇప్పుడు కూడా తప్పు నాదే అంటాండాడు." పదకొండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

సెల్‌ఫోను లైటు వేసుకుని లోపలికి వెళ్ళాము. పిండి మీద గీత కూడా లేదు. డబ్బా మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది. స్విచ్చు ఆన్‌లో ఉంది. గ్లాసులో టీ రెండు వేళ్ళు తగ్గింది.

"పిల్లేమో" అన్నాడు ఖాజా.

"పిల్లి అడుగు యాడ?" అన్నాను.

ఖాజా డబ్బా మూత విప్పాడు. మీటరు తీసి డబ్బాలో పెట్టాడు. "నడిమిది నాలుగున్నర వోల్టులు ఉండాల్సింది, మూడుకు దిగింది. ఈడ ఒక చిప్పు ఉండాలే?"

జేబులోంచి తీసి ఇచ్చాను. "ఇది మిగిలింది."

"మిగల్లేదప్పా లైబ్రేరియనూ, నువ్వు మిగిల్చినావు. ఆ సున్నాను కదలకుండా పట్టుకోవాల్సింది ఇదే. ఇది లేకుంటే ఆ ఎర్ర లైటు కరెంటు లాగినప్పుడల్లా సున్నా కదుల్తాది. శబ్దం ఊగుతాది."

"మరి స్విచ్చు?"

ఖాజా చెప్పులు వెతుక్కోసాగాడు.

"ఆ చిప్పు పెడితే ఏమైతాది?" అని అడిగింది వదిన.

"నిలకడగా ఒకటే శబ్దం వస్తాదక్కా. ఊగదు."

"అంటే బదులియ్యడు."

ఖాజా నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"వద్దులే" అంది వదిన.

ఫ్యాను హోరులో అది ముందునుంచే మోగుతూ ఉండిందేమో. నేను విన్న టిక్కు ఆన్ చేసినదేనేమో... టీ సంగతి తెలియదు. చిప్పు నా సొరుగులో ఉంది. మా ఇంట్లో ఆ డబ్బాను ఇప్పుడు ఎవరూ బాగుచేయడం లేదు.