నల్లరేగడి మీద నేను పరిచిన బండలు

ఆ రోజుల్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన ప్రతి కుర్రాడికీ భూమి తన మాట విని తీరుతుందని గట్టి నమ్మకం. నాకు ఆ నమ్మకం మరీ ముదిరింది. విడపనకల్లులో ఓవర్సీరుగా చేరి ఏడు నెలలైనా, ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద మా పెద్దసారు సంతకం ఇంకా పడలేదు. అంతలో ఆయన పై అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. క్వార్టర్సు వెనక పూలతోటలో బండలు పరిపించి, అక్కడ కుర్చీలేసి ఆయనకు టీ ఇవ్వాలని సారు భార్యకు కోరిక. పని నాకు అప్పగించారు. రెండేళ్లుగా మొహం చాటేసిన వాన సరిగ్గా ఆ వారమే మూడు రోజులు కురిసింది (మా జిల్లాలో వానకు కూడా మనుషుల మీద కక్ష ఉంటుంది).

తోటంతా నల్లరేగడి. అడుగు పెడితే చెప్పు అక్కడే ఉండిపోయేది. బండలు పరిచే ముసలాయన్ని అందరూ బండల తాత అనేవాళ్లు. ఆయన ఇంత మట్టి తీసి వేళ్ల మధ్య పిసికి, "సారూ, ఇది తడిస్తే ఉబ్బుతాది, ఆరితే నోరు తెరుస్తాది. నాలుగు దినాలు ఆగి, మోకాలి లోతు తోడేసి, గరుసు కంకర పోసి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టల్ల," అన్నాడు. "నువ్వు ఏ కాలేజీలో చదివినావు తాతా?" అన్నాను నేను (రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది). తాతకు కోపం రాలేదు. "ఈడనే సారూ, ఈ మన్నులోనే," అని బీడీ ముట్టించాడు. ఆ బురద మీదే నాలుగు వేళ్ల మందాన ఇసుక చల్లించి, దారం పట్టించి, బండలు వేయించేశాను. సాయంత్రానికి అద్దంలా కనిపించింది. ఇంకెవరూ మెచ్చుకోలేదు కాబట్టి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు పై అధికారి (మంచి బరువైన మనిషి) తెల్లబట్టలతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బండ ఒక పక్కకు ఒరిగింది. సందులోంచి నల్లటి బురద పిచికారీలా లేచి ఆయన మోకాళ్ల దాకా చిమ్మింది. పట్టుకోబోయిన పెద్దసారు కాలి కింది బండ కూడా దిగబడింది. పై అధికారి నెమ్మదిగా లేచి నావైపు తిరిగి, "ఏమప్పా, బండలు పరిచినావా, పడవలు కట్టినావా?" అన్నాడు.

సంతకం ఇంకో ఆర్నెల్లు వెనక్కి పోయింది. "నువ్వే పార పట్టు," అన్నాడు పెద్దసారు. వారం రోజులు తాత కింద కూలివాడిలా మట్టి తోడాను, గరుసు మోశాను. ఆయన ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. "మోకాళ్లు వంచి ఎత్తు నాయనా, లేకుంటే నడుము పట్టుకుంటాది," అనేవాడు అంతే. తిట్టి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదు. ఆ బండలు మళ్లీ కదలలేదు.

ఇప్పుడు ఆ ఇరవై రెండేళ్ల మిడిసిపాటుగాణ్ణి తలచుకుంటే ఒళ్లు మండుతుంది. కానీ గంప నెత్తిన పెట్టుకుని, ఆఫీసు అటెండర్ల నవ్వుల మధ్య తల వంచుకుని నడిచిన వాడు కూడా కళ్ల ముందుకొస్తాడు. మొట్టికాయ వేద్దామని చెయ్యెత్తుతాను. ఎందుకో తల నిమిరి వదిలేస్తాను.